పాయింట్లు మార్చుకోండి... పాతవి పారేయకండి

సన్నకారు రైతుకు కారేమిటని కొందరు నవ్వొచ్చు. నవ్వితే నవ్వనీండి. మా అన్నదమ్ములం ముగ్గురం కలిసి కొన్న పాత పెట్రోలు అంబాసిడర్ మా ఇంట్లో ఏళ్లుగా ఉంది. ముగ్గురి భూమి కలిపినా ఏడెకరాలు దాటదు. అయినా ఆ బండి మాకు షోకు కాదు. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయేది అదే, డ్రిప్ పైపులు తెచ్చేది అదే. కోత కాలంలో వెనక సీటు తీసేసి టమోటా క్రేట్లు మార్కెట్టుకు చేర్చేదీ అదే. మన పల్లెల్లో ఇలాంటి బండ్లు ఇంకా చాలానే ఉన్నాయి. అంబాసిడర్లు, ఫియెట్లు, కార్బురేటర్ కాలం నాటి మారుతి 800లు, ఓమ్ని వ్యాన్లు. పట్నంలో వాటికి కాలం చెల్లిపోయింది. పల్లెలో మాత్రం ఇంకా తిండి పెడుతూనే ఉన్నాయి.

ఈ బండ్లున్న రైతులందరికీ షెడ్డుల్లో ఈమధ్య ఒకటే మాట వినిపిస్తోంది. "పాయింట్లు తీసేయన్నా, ఎలక్ట్రానిక్ వేసుకో. ఇంక బండి వైపు చూసుకునే పనే ఉండదు." ఈ మాట సగం నిజం. మిగతా సగం ఎవరూ చెప్పడం లేదు. ఆ మిగతా సగం తెలియక నేను రెండుసార్లు దెబ్బ తిన్నాను. మీరు తినకూడదనే ఈ నాలుగు మాటలు.

ఆ రోజు ఏం జరిగింది

2023 జూలై నెల. మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో నూరు రూపాయలు దాటిన రోజులు. ఎన్నో ఏళ్లు రోడ్ల మీద పారబోసిన పంటకు ఒక్కసారి ధర వచ్చింది. తెల్లవారుజామున మూడు గంటలకు డిక్కీలో నాలుగు, వెనక ఆరు క్రేట్లు ఎక్కించి సెల్ఫ్ కొట్టాను. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. చోక్ లాగినా, తోసినా అంతే. బ్యాటరీ నీరసించిపోయింది. చివరికి ఆటో పిలిపించి, సరుకు దించి ఎక్కించి చేరేసరికి వేలం సగం అయిపోయింది. నా పది క్రేట్లూ తర్వాతి ధరకే పోయాయి. ఆటో బాడుగ అదనం.

పొద్దున షెడ్డు కుర్రవాడు వచ్చి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి చూపించాడు. పాయింట్లు అతుక్కుపోయినట్టు దగ్గరికొచ్చేశాయి, మొహాలు నల్లగా మాడిపోయాయి. "పాయింట్లకు కాలం పోయింది నా, ఎలక్ట్రానిక్ వేద్దాం" అన్నాడు. నిన్నటి నష్టం కడుపులో మండుతూ ఉంది. వెంటనే ఊఁ అన్నాను.

పాయింటు చేసే పని

పెట్రోలు ఇంజనులో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. నిప్పురవ్వ గాలిలో దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఈ పని ఇగ్నిషన్ కాయిల్ చేస్తుంది. కాయిల్ లోపల రెండు చుట్లు ఉంటాయి. మొదటి చుట్టులో కరెంటు పారుతూ ఉండగా దాన్ని టక్కున ఆపేస్తే రెండో చుట్టులో వేల వోల్టులు పుడతాయి. ఆ టక్కున ఆపే స్విచ్చే పాయింటు. మన షెడ్డుల్లో సీబీ పాయింట్ అనేది దీన్నే. డిస్ట్రిబ్యూటర్ మధ్యలో తిరిగే షాఫ్టు మీద నాలుగు మూలలున్న క్యామ్ ఉంటుంది. ఒక్కో మూల వచ్చినప్పుడు అది పాయింటును తోసి తెరుస్తుంది. పక్కనే ఉండే చిన్న డబ్బీ కండెన్సర్. పాయింటు తెరుచుకున్నప్పుడు అక్కడే మంట లేచి మొహాలు మాడిపోకుండా అది కాస్తుంది.

పాయింటు ఎంత చాకిరీ చేస్తుందో లెక్క వేసి చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ అందులో సగం, 1,500 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు నాలుగుసార్లు చొప్పున నిమిషానికి 6,000 సార్లు పాయింటు తెరుచుకోవాలి, మూసుకోవాలి. గంటలో 3,60,000 సార్లు. ఏ ఎద్దు అంత చాకిరీ చేస్తుంది? అందుకే పాయింటు అరుగుతుంది. క్యామ్ మీద రాసుకునే దాని మడమ అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే నిప్పురవ్వ ఆలస్యంగా వస్తుంది. దాంతో బండి లాగదు, వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొద్దున్నే మొరాయిస్తుంది. అంబాసిడర్లో ఉండే లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్‌కు ఉండాల్సిన గ్యాప్ 14 నుంచి 16 థౌ. అంటే మిల్లీమీటరులో 0.35 నుంచి 0.40. చేతి వేళ్లతో చూసి సరిచేసేది కాదు, ఫీలర్ గేజ్ ఉండాల్సిందే.

ఈ పద్ధతికి రూపం ఇచ్చినవాడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టిన చార్లెస్ కెటరింగ్. 1910 మోడల్ కాడిలాక్ కార్లకు ఆయన చేసిన బ్యాటరీ ఇగ్నిషన్ వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ప్రపంచమంతా అదే పద్ధతిలో నడిచింది. కాబట్టి పాయింట్లు పనికిరానివి అనడం తప్పు. అవి చూసుకునే మనిషి ఉన్నన్నాళ్లు పనికొచ్చే వస్తువు. నా విషయంలో చూసుకునే మనిషి నేనే, చూసుకోలేదు. ఐదు వేల కిలోమీటర్లకోసారైనా క్యాప్ తీసి చూడాల్సింది, ఏడాదిన్నర చూడలేదు. క్యామ్ మీద కాస్త గ్రీజు పెట్టాల్సింది, అదీ పెట్టలేదు. ఎండిన క్యామ్ మీద మడమ ఇట్టే అరిగిపోతుంది.

ఎలక్ట్రానిక్ అంటే ఏమిటి

ఇందులో మంత్రం ఏమీ లేదు. పాయింటు, కండెన్సర్ తీసేసి ఆ స్థానంలో ఒక చిన్న సెన్సారు బిగిస్తారు. షాఫ్టు మీద క్యామ్‌కు అయస్కాంతాలున్న రింగు తొడుగుతారు. రింగు తిరిగేటప్పుడు ఒక్కో అయస్కాంతం ఎదురుగా వచ్చినప్పుడల్లా సెన్సారు పసిగట్టి, లోపలి ట్రాన్సిస్టర్ ద్వారా కాయిల్ కరెంటును ఆపుతుంది. ఒకదానికొకటి తగిలేది లేదు, రాసుకునేది లేదు, కాబట్టి అరిగేదీ లేదు. ఒకసారి సరిగ్గా బిగించి టైమింగ్ పెడితే మళ్లీ మళ్లీ గ్యాప్ చూసే పని ఉండదు. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1973 మోడళ్ల నుంచి తన కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ పద్ధతే పెట్టింది. తర్వాత అందరూ ఆ దారికే వచ్చారు.

అయితే మిగతావన్నీ పాతవే ఉంటాయన్న సంగతి రైతులు గమనించాలి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ అదే, రోటర్ అదే, ప్లగ్గు వైర్లు అవే, కార్బురేటర్ అదే, షాఫ్టు కూడా అదే. వానాకాలంలో పగుళ్లిచ్చిన క్యాప్ లోకి తేమ చేరి బండి మిస్సింగ్ కొడితే ఎలక్ట్రానిక్ కిట్టు దాన్ని ఆపదు. మైలేజీ రెట్టింపు అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అరిగిపోయిన పాయింట్లతో పోలిస్తే తేడా తెలుస్తుంది. సరిగ్గా పెట్టిన కొత్త పాయింట్లతో పోలిస్తే ఉండే తేడా స్వల్పం. లాభం అసలు పెట్రోలులో కాదు. ఈ రోజు ఎలా అందుకుందో ఆరు నెలల తర్వాత కూడా అలాగే అందుకుంటుంది, అదీ లాభం.

నేను చేసిన మొదటి తప్పు

కిట్టు వేయించాను. వారం రోజులు బండి బ్రహ్మాండంగా నడిచింది. పదో రోజు నుంచి మళ్లీ మిస్సింగ్. కుర్రవాడు ప్లగ్గులు మార్చమన్నాడు, మార్చాను. వైర్లు మార్చమన్నాడు, మార్చాను. కార్బురేటర్ సర్వీసు అన్నాడు, అదీ చేయించాను. కిట్టు ఖరీదే పాయింట్ సెట్టు ఖరీదుకు ఎన్నో రెట్లు. పైన ఇవన్నీ కలిసి టమోటా మీద వచ్చిన నాలుగు రూపాయలూ షెడ్డుకే పోతున్నట్టనిపించింది.

చివరికి ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. చేతి పని మానేసి ఇంట్లో ఉంటున్న పాతకాలపు మేస్త్రీ. ఆయన బానెట్టు ఎత్తి, క్యాప్ తీసి, రోటర్ పట్టుకుని పక్కలకు ఊపాడు. "చూడు నాయనా, ఇది ఊగతా ఉంది" అన్నాడు. చూశాను. లోపల షాఫ్టుకు ఆనుగా ఉండే బుష్ అరిగిపోయి షాఫ్టు అటూ ఇటూ ఆడుతోంది. ఆ ఊపుకు అయస్కాంతాల రింగు సెన్సారుకు రాసుకుంటోంది. రింగు మీద గీతలు కూడా పడ్డాయి. "నీ పాత పాయింట్లు మాడింది కూడా దీనివల్లే. గ్యాప్ ఒక మూలన పన్నెండు, ఇంకో మూలన పద్దెనిమిది ఉండి ఉంటది. రోగం షాఫ్టుకు, మందు పాయింటుకు వేసినారు" అన్నాడు.

లేత్ పని చేసేచోట కొత్త బుష్ వేయించాను. ఆ రోజు నుంచి బండి గడియారంలా నడిచింది. అప్పుడు తెలిసింది, మొదటే బుష్ వేయించి కొత్త పాయింట్లు పెట్టి ఉన్నా ఇలాగే నడిచేదని. నేను ముందు చేయాల్సింది చివర చేశాను. అంతే నా తప్పు.

రెండో తప్పు

మరుసటి ఏడాది అమ్మకు కంటి చూపు తగ్గిందని తిరుపతికి బయల్దేరాం. భాకరాపేట ఘాటు ఇంకా రాకముందే ఒక చెట్టు కింద ఆపి చద్దన్నం మూట విప్పాం. మా అన్న కొడుకు బండిలోనే కూర్చుని పాటలు పెట్టుకున్నాడు. మా బండిలో తాళం తిప్పి ఉంచితేనే రేడియో పలుకుతుంది. అరగంట పైగా అలాగే ఉంది. తిని వచ్చి సెల్ఫ్ కొడితే ఉలుకూ పలుకూ లేదు. ఇంజను తిరుగుతోంది, నిప్పురవ్వ లేదు. కాయిల్ పట్టుకుంటే చెయ్యి కాలింది. సెన్సారు పోయింది.

పాయింట్లయితే ఏం చేసేవాళ్లం? ఇలాంటి సందర్భాలు మా నాన్న ఎన్నో దాటించాడు. అగ్గిపెట్టె పక్కనుండే గరుకు పట్టీతో పాయింట్ల మొహాలు తోమి, అగ్గిపెట్టె అట్ట ముక్కతో గ్యాప్ చూసి ఇల్లు చేర్చేవాడు. కొలత ఖచ్చితం కాకపోయినా ఊరు చేరేది. పాయింటు చెడేముందు పది రోజులు దగ్గుతుంది, మూలుగుతుంది, చెప్పి చెడుతుంది. ఎలక్ట్రానిక్ అలా కాదు. బాగుంటే పూర్తిగా బాగుంటుంది, పోతే చెప్పకుండా పోతుంది. రోడ్డు మీద దాన్ని బాగు చేసే మొనగాడు లేడు.

మరి పాత పాయింట్ల ప్లేటు ఎక్కడుంది? కిట్టు వేసిన రోజు షెడ్డులో పాత సామాన్ల డబ్బాలో పడేశారు. నేనూ అడగలేదు. "ఇంక దాంతో పనేముంది" అనుకున్నాను. అమ్మను బస్సెక్కించి తమ్ముడిని తోడు పంపాను. వాళ్లు చేరేసరికి డాక్టరు చూసే వేళ అయిపోయింది, ఇంకో రోజు రమ్మన్నారు. అటుగా వచ్చిన మినీ లారీ వాళ్లు తాడు కట్టి బండిని వెనక్కి లాక్కొచ్చారు. ఆ రోజంతా పోయింది, డబ్బూ పోయింది. అన్నిటికన్నా, ఎండలో బస్సు కోసం నిలబడిన అమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంటికొచ్చాక కిట్టుతో వచ్చిన కాగితం వెతికి మా అన్న కూతురి చేత చదివించాను. మొత్తం ఇంగ్లీషు. చిన్న అక్షరాల్లో ఏడో వరుసలోనో ఎనిమిదో వరుసలోనో ఉంది. ఇంజను ఆపి ఉన్నప్పుడు తాళం ఆన్‌లో ఉంచకూడదట. ఉంచితే కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉండి కాయిల్, సెన్సారు రెండూ కాలిపోతాయట. ఈ ఒక్క మాట అమ్మినవాడు చెప్పలేదు, బిగించినవాడు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజు అమ్మ కన్ను చూపించుకుని వచ్చేది.

వరుస తప్పకండి

ఇంత జరిగాక కూడా నేను మళ్లీ ఎలక్ట్రానిక్ కిట్టే వేయించాను. ఆ వస్తువు మంచిదే. చెడింది మనం దాన్ని పెట్టిన తీరు. మంచి పాయింట్లు, మంచి కండెన్సర్ దొరకడం కూడా రానురాను కష్టమవుతోంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. బజారులో దొరికే విడిభాగాల్లో తాలూ గింజా కలిసే ఉన్నాయి. కాబట్టి రోజూ నడిపే బండికి మార్పు అవసరమే. కానీ విత్తనం ముందా దుక్కి ముందా అంటే ఏం చెబుతాం? ఇక్కడా అంతే. వరుస ఇది.

మొదట రోగం ఏదో చూడండి. బ్యాటరీ కొనలు శుభ్రంగా ఉన్నాయా, ఇంజను నుంచి బాడీకి ఎర్త్ వైరు బిగువుగా ఉందా, క్యాప్‌లో పగుళ్లున్నాయా, వైర్ల దగ్గర చీకట్లో నీలి మెరుపులు కనిపిస్తున్నాయా చూసుకోండి. చూడటమే, చేత్తో తాకకండి. ఆ వోల్టేజీ గట్టి దెబ్బ కొడుతుంది. పెట్రోలు కారే చోట నిప్పురవ్వ పరీక్షలు అసలే వద్దు.

రెండోది షాఫ్టు. ఇంజను ఆపి, తాళం తీసేసి, క్యాప్ తీసి రోటర్‌ను పక్కలకు ఊపండి. చేతికి ఆట తెలిస్తే ముందు బుష్ వేయించండి. అలాగే రోటర్‌ను అది తిరిగే దిక్కుకు కాస్త తిప్పి వదలండి. స్ప్రింగు లాగినట్టు వెనక్కి రావాలి. రాకపోతే కింద ఉండే అడ్వాన్సు బరువులు పట్టేసుకున్నట్టు. వాటిని శుభ్రం చేయించాలి. ఈ రెండూ సరిగా లేకుండా కిట్టు వేయించడం పుచ్చిన దూలానికి రంగు వేయడం లాంటిది.

మూడోది కిట్టు కొనడం. డిస్ట్రిబ్యూటర్ మీద ఉన్న పేరు, నంబరు కాగితం మీద రాసుకుని పోండి. "అంబాసిడర్‌కు ఇవ్వండి" అంటే చాలదు. పాత 1489 సీసీ ఇంజనుకు ఒకటి, తర్వాత వచ్చిన 1800 సీసీ ఇసుజు ఇంజనుకు ఒకటి. మూడు సిలిండర్ల మారుతికి మళ్లీ వేరు. కాయిల్ విషయం కూడా అడగండి. కొన్ని కాయిళ్లు నేరుగా 12 వోల్టులకు పనిచేస్తాయి, కొన్నిటికి మధ్యలో రెసిస్టర్ ఉంటుంది. కిట్టుకు తగిన కాయిల్ కాకపోతే సెన్సారు ఎక్కువ కాలం మన్నదు. ఇంజను ఆగి తాళం ఆన్‌లో ఉండిపోతే కరెంటు దానంతటదే ఆగే ఏర్పాటు కొన్ని కిట్లలో ఉంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే కొనండి. బిల్లు లేకుండా కొనకండి.

నాలుగోది బిగింపు. వైర్లు తిరగేసి కలిపితే సెన్సారు ఆ క్షణమే పోతుంది. బ్యాటరీలో ఏ కొన బాడీకి ఎర్త్ అయి ఉందో ముందు చూడాలి. బాగా పాతకాలపు బ్రిటిష్ పద్ధతి బండ్లలో పాజిటివ్ కొన ఎర్త్ అయి ఉండేది. కిట్టు వేశాక టైమింగ్ మళ్లీ పెట్టాల్సిందే. "పాతదే సరిపోతుంది" అంటే ఒప్పుకోకండి. టైమింగ్ లైటు ఉన్న షెడ్డుకే పోండి.

ఐదోది, అన్నిటికన్నా ముఖ్యం. తీసిన పాయింట్లు, కండెన్సర్, వాటి స్క్రూలు, వైరు ముక్కతో సహా అడిగి తీసుకోండి. వీలైతే ఒక కొత్త సెట్టు కొని, గ్యాప్ తెలిసేలా చీటీ రాసి, ప్లాస్టిక్ డబ్బాలో డిక్కీలో పెట్టండి. ఒక స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజ్ కూడా అందులోనే ఉంచండి. నడిరోడ్డు మీద సెన్సారు పోయినా అరగంటలో పాత పద్ధతికి మార్చుకుని ఇల్లు చేరవచ్చు. వానలు రావని తెలిసినా ఇంట్లో గొడుగు ఉంచుకుంటాం కదా.

అందరికీ అవసరం లేదు

నెలకు ఒకసారి గుడికో పెళ్లికో తీసే బండికి కిట్టు అవసరం లేదు. ఆ డబ్బుతో బుష్ వేయించి, మంచి పాయింట్ సెట్టు పెట్టి, ఏటా ఒకసారి చూపించుకుంటే చాలు. వడ్డీకి అప్పు తెచ్చి మాత్రం కిట్టు వేయించకండి. అప్పు చేసి చేయాల్సినంత పని కాదిది.

ఇంకో మాట. పాత మోపెడ్లు, పవర్ స్ప్రేయర్ల వంటి చిన్న ఇంజన్లలో కూడా పాయింట్లు ఉండేవి. కానీ వాటిలో చాలావరకు బ్యాటరీ ఉండదు, చక్రంలోని అయస్కాంతమే కరెంటు పుట్టిస్తుంది. కారు కిట్టు వాటికి పనికిరాదు. వాటి పద్ధతి వేరు, వాటి మేస్త్రీని అడగండి. ఇక ట్రాక్టరు, డీజిల్ పంపుసెట్టు, డీజిల్ జీపు ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు. డీజిల్ ఇంజనులో ప్లగ్గుతో నిప్పురవ్వ పెట్టే పని ఉండదు. గాలిని గట్టిగా నొక్కడం వల్ల పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. డీజిల్ బండికి పాయింట్లు మార్చాలని ఎవరైనా డబ్బు అడిగితే దండం పెట్టి వచ్చేయండి.

అడగాల్సిన వాళ్లను అడుగుదాం

పురుగుమందు డబ్బా మీద తెలుగులో జాగ్రత్తలు లేకపోతే మనం అడుగుతాం. మరి బండి సామాను విషయంలో ఎందుకు అడగం? తెలుగు రైతుకు అమ్మే కిట్టుతో తెలుగులో ఒక్క పేజీ కాగితం ఇవ్వడం అమ్మేవాడికి భారమేమీ కాదు. అందులో నాలుగు మాటలుంటే చాలు. తాళం ఆన్‌లో ఉంచొద్దు, వైర్లు తిరగేయొద్దు, కాయిల్ ఇది వాడండి, పాత సెట్టు దాచుకోండి. దుకాణంలో అడగండి. పదిమంది అడిగితే వస్తుంది.

షెడ్డు కుర్రవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్లు పని నేర్చుకునే నాటికే పాయింట్లున్న బండ్లు తగ్గిపోయాయి. షాఫ్టు ఊపి చూడాలని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. చెప్పగల పెద్ద మేస్త్రీలేమో ఇళ్లలో అరుగుల మీద కూర్చుని ఉన్నారు. మన ఐటీఐల వాళ్లు ఏడాదికి ఒక రోజు అలాంటి పెద్దలను పిలిపించి, మండలంలోని షెడ్డు కుర్రవాళ్లకు ఒక్క పూట పాఠం చెప్పిస్తే ఎంత బాగుంటుంది! కొత్త సెన్సారు కుర్రవాళ్లు చూపిస్తారు, పాత షాఫ్టు పెద్దలు చూపిస్తారు. ఇద్దరి తెలివీ కలిస్తే రైతు బండి రోడ్డు మీద ఆగదు.

కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాన్ని పారేయడం మనకు అలవాటైపోయింది. కొత్త విత్తనం వేసినా ఇంట్లో పాత విత్తనం ఒక కుండలో దాచి ఉంచేవారు మన పెద్దలు. కొత్త పంట కొట్టుకుపోయిన ఏడాది ఆ కుండే దిక్కయ్యేది. ఇప్పుడు మా బండిలో కొత్త సెన్సారు పనిచేస్తోంది. డిక్కీ మూలన పాత పాయింట్ల డబ్బా ఉంది. పోయిన నెల అమ్మను మళ్లీ తిరుపతికి తీసుకుపోయాను. చెట్టు కింద ఆపినప్పుడు మా అన్న కొడుకు అడక్కుండానే తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు.